పెద్దప్రేగు క్యాన్సర్ చికిత్సలో పాత మందుల పునర్వినియోగం

ఒక వ్యాధికి వాడుకలో ఉన్న మందు వేరొక వ్యాధికి కూడా పనిచేయునా అని పరిశీలించి, ఆ కొత్త ఉపయోగాన్ని ప్రయోగపూర్వకంగా నిర్ధారించడాన్ని మందుల పునర్వినియోగం అంటారు. వాడగా మిగిలిన మందును మళ్ళీ వాడటం అని దీని అర్థం కాదు. పెద్దప్రేగు క్యాన్సర్ విషయంలో ఇటువంటి పాత మందులను సాధారణంగా విడిగా ఇవ్వరు. శస్త్రచికిత్స తరువాత గాని, కీమోథెరపీతో గాని, మరొక మందుతో గాని జతచేసి ఇస్తారు. రెండు లేక అంతకంటె ఎక్కువ మందులను కలిపి ఇచ్చే పద్ధతికి సంయుక్త చికిత్స అని పేరు.

గొర్రెల నట్టల మందు, కంటి చుక్కల మందు, తలనొప్పి మాత్ర, మధుమేహపు మాత్ర వంటివి గత యాభై ఏళ్ళలో ఈ వ్యాధిపై పరీక్షింపబడినవి. వాటిలో కొన్ని చికిత్సలో స్థానం సంపాదించుకున్నవి. కొన్ని కొంతకాలం వెలిగి తొలగిపోయినవి. మరికొన్ని ఇంకా పరిశోధన దశలోనే ఉన్నవి. ఈ చరిత్ర అంతటిలో తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: రెండు మందులు కలిపి ఇచ్చినప్పుడు రోగికి మేలు జరిగితే, ఆ మేలు ఏ మందు వలన జరిగినది?

వ్యాధి పరిచయం

పెద్దప్రేగు లోపలి పొరలోని కణాలు అదుపు తప్పి పెరగడం వలన ఈ వ్యాధి కలుగుతుంది. చాలా సందర్భాలలో ముందుగా పాలిప్ అనే చిన్న పిలక ఏర్పడి, కొన్నేళ్ళకు అది క్యాన్సర్‌గా మారుతుంది. ఈ మార్పు ఒక్కసారిగా జరగదని, ఏపీసీ, కేరాస్, పీ53 వంటి జన్యువులు ఒకదాని తరువాత ఒకటి దెబ్బతినడం వలన అంచెలంచెలుగా జరుగుతుందని 1990లో ఫియరన్, వోగెల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో పెద్దప్రేగు, పురీషనాళ క్యాన్సర్లు రెండూ కలిపి సుమారు 19 లక్షల మందికి కొత్తగా వచ్చినవి. సుమారు 9 లక్షల మంది వీటి వలన మరణించారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతదేశంలో ఈ వ్యాధి తక్కువ.

వ్యాధి ప్రేగుకే పరిమితమైతే శస్త్రచికిత్సతో నయమయ్యే అవకాశం ఎక్కువ. దగ్గరలోని లింఫు గ్రంథులకు పాకితే దానిని మూడవ దశ అంటారు. అప్పుడు శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ కూడా ఇస్తారు. కాలేయం, ఊపిరితిత్తులు వంటి దూరపు అవయవాలకు వ్యాపిస్తే అది నాలుగవ దశ. పాత మందుల అవసరం ఎక్కువగా చర్చకు వచ్చేది ఈ చివరి రెండు దశలలోనే.

పాత మందులపై ఆసక్తికి కారణాలు

కొత్త మందును కనుగొని, జంతువులపైన, తరువాత మనుషులపైన పరీక్షించి, అనుమతి పొందటానికి సాధారణంగా పది సంవత్సరాలకు పైగా పడుతుంది. ఖర్చు కూడా అపారం. పాత మందు విషయంలో తగిన మోతాదు ఎంత, శరీరంలో ఎంతసేపు నిలుస్తుంది, ఏ దుష్ఫలితాలు కలుగుతాయి అనే సంగతులు ముందే తెలిసి ఉంటాయి. పేటెంటు గడువు ముగిసినదైతే ధర కూడా తక్కువ.

అయితే ఈ తెలివిడి పాత వ్యాధికి, పాత మోతాదుకు సంబంధించినది మాత్రమే. క్యాన్సర్ కణాన్ని చంపటానికి అవసరమైన మోతాదు అనేక రెట్లు ఎక్కువ కావచ్చును. కీమోథెరపీతో కలిసినప్పుడు కొత్త దుష్ఫలితాలు కలగవచ్చును. కాబట్టి పాత మందైనా మళ్ళీ పరీక్షించవలసినదే.

సంయుక్త చికిత్సలోని తర్కం

క్యాన్సర్ కణితిలోని కణాలన్నీ ఒకే విధంగా ఉండవు. ఒక మందుకు చాలా కణాలు చనిపోయినా, దానికి లొంగని కొన్ని కణాలు మిగిలి మళ్ళీ పెరుగుతాయి. వేర్వేరు విధాల పనిచేసే మందులను కలిపి ఇస్తే ఈ అవకాశం తగ్గుతుంది. కొన్ని జతలలో రెండవ మందు క్యాన్సర్ కణాన్ని తాను చంపదు. మొదటి మందు బలాన్ని పెంచుతుంది, లేక అది త్వరగా నశించకుండా కాపాడుతుంది.

ఇందుకు మంచి ఉదాహరణ పెద్దప్రేగు క్యాన్సర్ చికిత్సకు మూలస్తంభమైన జత. 1957లో అమెరికా శాస్త్రవేత్త ఛార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం 5-ఫ్లోరోయురాసిల్ అనే మందును ప్రకటించినది. ఆర్.ఎన్.ఏ.లో ఉండే యురాసిల్ అనే పదార్థంలో ఒక హైడ్రోజన్ పరమాణువు స్థానంలో ఫ్లోరిన్‌ను చేర్చగా ఏర్పడిన మందు ఇది. డి.ఎన్.ఏ. తయారీకి కావలసిన థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. కాని ఒంటరిగా ఇచ్చినప్పుడు ఆ పట్టు బలహీనంగా ఉంటుంది.

ఈ పట్టును బిగించినది ల్యూకోవోరిన్ అనే మరొక పాత మందు. ఇది ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థం. మొదట దీనిని మెథోట్రెక్సేట్ అనే మందు విషప్రభావానికి విరుగుడుగా వాడేవారు. ఆ తరువాత 5-ఫ్లోరోయురాసిల్‌తో కలిపి ఇస్తే ఎంజైమును మరింత గట్టిగా బంధిస్తుందని తేలినది. అనగా ఒక మందుకు విరుగుడైన పదార్థం మరొక మందుకు తోడుగా మారినది.

ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. ఆ పరిశోధనకు నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించిన తెలుగువాడు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందులు కూడా ఆయన పర్యవేక్షణలోనే తయారైనవి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో పిల్లలలోని రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచగలిగినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ కూడా ఈ కుటుంబానికి చెందినదే. అది నేడు కీళ్ళవాతానికి కూడా విరివిగా వాడబడుతున్నది.

5-ఫ్లోరోయురాసిల్, ల్యూకోవోరిన్ జతకు ఆక్సాలిప్లాటిన్ చేర్చితే ఫాల్‌ఫాక్స్ అనే చికిత్స అవుతుంది. 2004లో ప్రచురితమైన మొజాయిక్ పరీక్షలో ఈ చేర్పు వలన వ్యాధి తిరగబెట్టకుండా మూడేళ్ళు గడిపినవారు 72.9 శాతం నుండి 78.2 శాతానికి పెరిగారు.

లెవమిసోల్ ఉదంతం

లెవమిసోల్ 1966లో బెల్జియంలో కనుగొనబడిన పురుగుల మందు. గొర్రెలు, మేకలు, పశువుల కడుపులోని నట్టలను తొలగించటానికి దీనిని వాడేవారు. మనుషులలో నులిపురుగులకు కూడా ఇచ్చేవారు. ఇది రోగనిరోధక శక్తిని పెంచుతుందని 1970వ దశకంలో కొందరు భావించడంతో క్యాన్సర్‌పై ప్రయోగాలు మొదలైనవి.

అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన ఛార్లెస్ మోర్టెల్ నాయకత్వంలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 1990లో వెలువడినవి. మూడవ దశ రోగులకు శస్త్రచికిత్స తరువాత 5-ఫ్లోరోయురాసిల్, లెవమిసోల్ కలిపి ఇవ్వగా, ఏ మందూ ఇవ్వనివారితో పోలిస్తే వ్యాధి తిరగబెట్టడం 41 శాతం, మరణాలు 33 శాతం తగ్గినవి. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఈ జతకు అనుమతి ఇచ్చినది. మూడవ దశ పెద్దప్రేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స తరువాత మందులు ఇవ్వాలనే పద్ధతి స్థిరపడినది ఈ పరీక్షతోనే.

అయితే ఈ పరీక్షలో ఒక లోపం ఉన్నది. మూడవ దశ రోగులను మూడు జట్లుగా విభజించారు:

1. ఏ మందూ ఇవ్వని జట్టు
2. లెవమిసోల్ మాత్రమే ఇచ్చిన జట్టు
3. 5-ఫ్లోరోయురాసిల్, లెవమిసోల్ కలిపి ఇచ్చిన జట్టు

5-ఫ్లోరోయురాసిల్ మాత్రమే ఇచ్చిన జట్టు లేదు. లెవమిసోల్ ఒక్కటే ఇచ్చినవారికి చెప్పుకోదగిన మేలు కలగలేదు. మూడవ జట్టుకు కలిగిన మేలు రెండు మందుల కలయిక వలన కలిగినదో, 5-ఫ్లోరోయురాసిల్ ఒక్కదాని వలన కలిగినదో ఈ విభజనతో తేల్చడం సాధ్యం కాదు.

ఈ సందేహం తరువాతి పరీక్షలలో తీరినది. లెవమిసోల్ బదులు ల్యూకోవోరిన్ కలిపినా ఫలితం తగ్గలేదు. 2000లో ప్రచురితమైన బ్రిటన్ దేశపు క్వాసార్ పరీక్షలో 4,927 మంది రోగులు పాల్గొన్నారు. కీమోథెరపీకి లెవమిసోల్‌ను జతచేయడం వలన ప్రయోజనం లేదని అందులో స్పష్టమైనది. పైగా లెవమిసోల్ కొందరిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. పదేళ్ళ పాటు ప్రామాణిక చికిత్సలో భాగమైన ఆ మందు దానితో తొలగిపోయినది. నట్టల మందుగా మాత్రం పశువైద్యంలో కొనసాగినది.

ధర విషయంలో కూడా ఈ ఉదంతం ప్రసిద్ధికెక్కినది. మనుషులకు అమ్మే లెవమిసోల్ ధర పశువుల మందు ధరకు అనేక రెట్లు ఉండటాన్ని మోర్టెల్ 1992లో బహిరంగంగా విమర్శించారు. పాత మందు ఎల్లప్పుడూ చౌకగానే దొరుకుతుందన్న నమ్మకం సరికాదని దీనివలన తెలుస్తున్నది.

ట్రైఫ్లూరిడిన్: కంటి చుక్కల మందు

1960వ దశకంలో హైడెల్‌బర్గర్ బృందమే ట్రైఫ్లూరిడిన్ అనే మరొక మందును క్యాన్సర్ కొరకు తయారుచేసినది. ఇది రక్తంలో చేరిన కొద్దిసేపటికే థైమిడిన్ ఫాస్ఫారిలేజ్ అనే ఎంజైము వలన విచ్ఛిన్నమయ్యేది. అందువలన క్యాన్సర్ మందుగా పనికిరాకుండా పోయినది. కాని హెర్పిస్ వైరస్ వలన కంటి కార్నియాకు కలిగే వ్యాధికి చుక్కల మందుగా బాగా పనిచేసినది. 1980లో అమెరికాలో ఆ ఉపయోగానికి అనుమతి లభించినది. కంటిలో వేసే చుక్కలు నేరుగా వ్యాధి ఉన్న చోటనే పనిచేస్తాయి కనుక రక్తంలో విచ్ఛిన్నమయ్యే సమస్య అక్కడ లేదు.

తరువాత జపాన్ శాస్త్రవేత్తలు టిపిరాసిల్ అనే పదార్థాన్ని దీనికి జతచేశారు. విచ్ఛిన్నం చేసే ఎంజైమును టిపిరాసిల్ అడ్డుకుంటుంది. అందువలన ట్రైఫ్లూరిడిన్ మాత్ర రూపంలో మ్రింగినా తగినంత రక్తంలో నిలిచి, క్యాన్సర్ కణాల డి.ఎన్.ఏ.లో చేరి వాటిని దెబ్బతీస్తుంది. ఇతర చికిత్సలన్నీ విఫలమైన 800 మంది రోగులపై జరిగిన పరీక్షలో మనుగడ కాలపు మధ్యగతం 5.3 నెలల నుండి 7.1 నెలలకు పెరిగినది. 2014లో జపాన్, 2015లో అమెరికా ఈ జతకు అనుమతి ఇచ్చినవి.

2023లో వెలువడిన సన్‌లైట్ పరీక్షలో దీనికి బెవాసిజుమాబ్‌ను కూడా చేర్చారు. ఇందులో పాల్గొన్న 492 మందిలో సగం మందికి మాత్రలు మాత్రమే, సగం మందికి మాత్రలతో పాటు బెవాసిజుమాబ్ ఇచ్చారు. మనుగడ మధ్యగతం మొదటివారిలో 7.5 నెలలు, రెండవవారిలో 10.8 నెలలు. రెండు జట్లకూ తేడా ఒక్క బెవాసిజుమాబ్ మాత్రమే కనుక మేలు దాని వలననే అని చెప్పటానికి వీలైనది. లెవమిసోల్ పరీక్షలో లోపించినది ఈ ఏర్పాటే.

బెవాసిజుమాబ్ ప్రయాణం దీనికి వ్యతిరేక దిశలో సాగినది. కణితికి రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే ఈ మందుకు 2004లో పెద్దప్రేగు క్యాన్సర్ చికిత్స కొరకు అనుమతి లభించినది. 2005 నుండి వృద్ధులలో దృష్టిని హరించే రెటీనా వ్యాధికి కంటిలో ఇంజెక్షనుగా కూడా వాడసాగారు. ఒకటి కంటి నుండి ప్రేగుకు, మరొకటి ప్రేగు నుండి కంటికి చేరినవన్నమాట.

ఆస్పిరిన్

ఆస్పిరిన్ శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని జాన్ వేన్ 1971లో వివరించారు. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి, వాపులతో పాటు కణితి పెరుగుదలకు కూడా తోడ్పడతాయి. ఆస్పిరిన్ వాడేవారిలో ఈ క్యాన్సర్ తక్కువని 1988లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ అధ్యయనం తెలిపినది. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉన్న 861 మందిపై జరిగిన పరీక్షలో, రెండేళ్ళకు పైగా రోజూ 600 మి.గ్రా. ఆస్పిరిన్ తీసుకున్నవారికి తరువాతి సంవత్సరాలలో క్యాన్సర్ తక్కువగా వచ్చినట్లు 2011లో ప్రకటించారు.

ఇవి వ్యాధి నివారణకు సంబంధించినవి. వ్యాధి వచ్చి శస్త్రచికిత్స జరిగినవారి సంగతి వేరు. అటువంటివారికి రోజూ 200 మి.గ్రా. ఆస్పిరిన్‌ను మూడేళ్ళ పాటు ఇచ్చిన అస్కాల్ట్ పరీక్ష సింగపూర్ శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగినది. రోగులందరినీ కలిపి చూచినప్పుడు చెప్పుకోదగిన మేలు కనబడలేదు. ఆస్పిరిన్ తరహాలోనే పనిచేసే సెలెకాక్సిబ్‌ను ఫాల్‌ఫాక్స్ చికిత్సకు జతచేసి 2,526 మంది రోగులపై పరీక్షించగా, 2021 నాటి ఫలితాలలో అది కూడా నిలవలేదు.

పీఐకే3సీఏ అనే జన్యువులో ఉత్పరివర్తనం ఉన్న కణితులు గల రోగులు ఆస్పిరిన్ వాడితే ఎక్కువకాలం జీవిస్తున్నారని 2012లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు గమనించారు. దీనిని పరీక్షించటానికి స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాలలో అలస్కా పరీక్ష చేపట్టారు. 3,508 మంది రోగుల కణితులను పరిశీలించగా సుమారు 37 శాతం మందిలో ఈ జన్యువులో గాని, దానికి సంబంధించిన ఇతర జన్యువులలో గాని మార్పులు కనబడినవి. వారిలో 626 మందిని చీట్లు తీసిన పద్ధతిలో విభజించి, కొందరికి రోజుకు 160 మి.గ్రా. ఆస్పిరిన్, మిగిలినవారికి ప్లాసిబో అనే ఉత్తుత్తి మాత్ర మూడేళ్ళ పాటు ఇచ్చారు. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం, ప్రధాన బృందంలో మూడేళ్ళలో వ్యాధి తిరగబెట్టినవారు ఆస్పిరిన్ జట్టులో 7.7 శాతం, ప్లాసిబో జట్టులో 14.1 శాతం. తీవ్రమైన అనారోగ్య ఘటనలు మాత్రం ఆస్పిరిన్ జట్టులోనే ఎక్కువ (16.8 శాతం, 11.6 శాతం).

అందరికీ ఇచ్చినప్పుడు కనబడని మేలు, తగినవారిని ఎంచి ఇచ్చినప్పుడు స్పష్టంగా కనబడినది. పాత మందుకు కొత్త విలువ తెచ్చినది ఇక్కడ జన్యుపరీక్ష.

ఇతర క్యాన్సర్ల మందులు

ఒక అవయవపు క్యాన్సర్ మందును మరొక అవయవపు క్యాన్సర్‌కు వాడటం కూడా పునర్వినియోగంలో ఒక రకమే. బీరాఫ్ అనే జన్యువులో ఒక ప్రత్యేక మార్పు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోను, పెద్దప్రేగు క్యాన్సర్ రోగులలో సుమారు 10 శాతం మందిలోను కనబడుతుంది. ఈ జన్యువును అడ్డుకునే వెమురాఫెనిబ్ మెలనోమా రోగులలో సుమారు సగం మందికి పనిచేసినది. పెద్దప్రేగు క్యాన్సర్ ఉన్న 21 మందికి ఇస్తే ఒక్కరికే పనిచేసినది.

కారణాన్ని 2012లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ప్రేగు కణాలలో బీరాఫ్ దారిని మూసివేస్తే ఈజీఎఫ్ఆర్ అనే మరొక దారి తెరుచుకుంటుంది. రెండు దారులనూ ఒకేసారి మూయవలెనని దీనివలన తెలిసినది. మెలనోమాకు వాడే ఎన్‌కోరాఫెనిబ్‌ను, ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే సెటుక్సిమాబ్‌తో కలిపి ఇవ్వగా మనుగడ మధ్యగతం 5.4 నెలల నుండి 8.4 నెలలకు పెరిగినట్లు 2019లో వెల్లడైనది. 2020లో అమెరికా ఈ జతకు అనుమతి ఇచ్చినది.

పరిశోధన దశలో ఉన్న మందులు

* మెట్‌ఫార్మిన్: మధుమేహానికి వాడే ఈ మందు తీసుకునేవారిలో క్యాన్సర్ తక్కువని 2005లో స్కాట్లాండ్ అధ్యయనం తెలిపినది. జపాన్‌లో మధుమేహం లేని 151 మందిపై జరిగిన పరీక్షలో, రోజుకు 250 మి.గ్రా. చొప్పున ఏడాది తీసుకున్నవారిలో అడినోమా అనే పిలకలు తిరిగి రావడం సుమారు 52 శాతం నుండి 31 శాతానికి తగ్గినది. కాని ముదిరిన వ్యాధి గల 50 మందికి 5-ఫ్లోరోయురాసిల్‌తో కలిపి ఇచ్చిన బ్రెజిల్ పరీక్షలో ఫలితం స్వల్పం. అందులో పోల్చటానికి రెండవ జట్టు లేదు.
* నులిపురుగుల మందులు: నిక్లోసమైడ్, మెబెండజోల్, పిర్వీనియం వంటివి ప్రయోగశాలలో పెద్దప్రేగు క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపగలిగినవి. ఈ వ్యాధిలో తరచు దెబ్బతినే ఏపీసీ జన్యువు అదుపులో ఉంచే వింట్ అనే సంకేత మార్గాన్ని నిక్లోసమైడ్, పిర్వీనియం అణచివేస్తాయి. అయితే వీటిలో కొన్ని ప్రేగు నుండి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతాయి. పురుగులను చంపటానికి ఇది మంచి లక్షణమే. కాలేయానికి పాకిన క్యాన్సర్‌ను చేరటానికి ఇదే పెద్ద ఆటంకం.

సాక్ష్యాలను పరిశీలించే విధానం

గాజు పళ్ళెంలో కణాలను చంపిన మందు రోగిలో పనిచేస్తుందని చెప్పలేము. పళ్ళెంలో వాడిన మోతాదు రక్తంలో సాధ్యం కాకపోవచ్చును.

పాత రికార్డులను తిరగవేసి చేసే అధ్యయనాలలో వేరొక చిక్కు ఉన్నది. పదేళ్ళు మందు వాడినవాడు కనీసం పదేళ్ళు బ్రతికి ఉండవలెను కదా. అటువంటివారిని తక్కువకాలం వాడినవారితో పోల్చితే మందు ఆయుష్షును పెంచినట్లు పొరపాటున కనబడుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో మెట్‌ఫార్మిన్‌పై ఎన్నో ఆశలు ఉండగా, 3,649 మందిపై జరిగిన పరీక్షలో ఆ మందు ప్రధాన ప్రయోజనాన్ని చూపలేదని 2022లో తేలినది.

కాబట్టి ఒకే రకమైన రోగులను యాదృచ్ఛికంగా రెండు జట్లుగా చేసి, ఒక్క మందు తేడాతో మిగిలిన చికిత్స అంతా సమానంగా ఇచ్చి పోల్చడమే నమ్మదగిన పద్ధతి.

ఆటంకాలు

పేటెంటు లేని మందుపై పెద్ద పరీక్ష జరిపితే లాభం రాదు కనుక మందుల సంస్థలు సాధారణంగా ముందుకు రావు. ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, ధర్మసంస్థలు పూనుకోవలసి వస్తున్నది. బెల్జియంలోని యాంటీక్యాన్సర్ ఫండ్ భాగస్వామిగా 2014లో వెలువడిన రీడో ప్రాజెక్టు ఇటువంటి మందుల సాక్ష్యాలను క్రోడీకరించినది.

భారతదేశం వంటి దేశాలకు ఈ పరిశోధన అవసరం ఎక్కువ. పెద్దప్రేగుకు కాక తల, మెడ క్యాన్సర్లకు సంబంధించినదే అయినా, ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్ మాత్రల చౌకైన జతను సిస్‌ప్లాటిన్ ఇంజెక్షనుతో పోల్చి, ముదిరిన వ్యాధిలో మాత్రల జతయే మెరుగని 2020లో నిరూపించారు.

రోగులు గమనించవలసినవి

దుకాణంలో సులభంగా దొరికే మందు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ఆస్పిరిన్ వలన జీర్ణకోశంలోను, మెదడులోను రక్తస్రావం కలగవచ్చును. 70 ఏళ్ళు దాటిన ఆరోగ్యవంతులు అధికంగా పాల్గొన్న ఆస్ప్రీ పరీక్షలో 19,114 మందిని పరిశీలించగా, రోజూ 100 మి.గ్రా. ఆస్పిరిన్ తీసుకున్నవారిలోనే మరణాలు కొంచెం ఎక్కువగా ఉన్నట్లు 2018లో తేలినది. పురుగుల మందులను స్వంతంగా అధిక మోతాదులో వాడితే కాలేయం, రక్తకణాలు దెబ్బతినవచ్చును.

అన్నిటికంటె పెద్ద నష్టం కాలహరణం. మూడవ దశలో శస్త్రచికిత్స, కీమోథెరపీ వలన నయమయ్యే అవకాశం ఉన్నది. వాటిని మానుకొని నిరూపణ కాని మందును నమ్ముకుంటే ఆ అవకాశం చేజారుతుంది. ఇప్పటికే గుండెజబ్బుకు ఆస్పిరిన్, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు ఆ సంగతిని క్యాన్సర్ వైద్యునికి ముందుగా చెప్పవలెను. పాత మందును చికిత్సకు జతగానే పరీక్షించారు గాని, చికిత్సకు బదులుగా కాదు.

ఇవి కూడా చూడండి

* క్యాన్సర్
* పెద్దప్రేగు
* కీమోథెరపీ
* ఆస్పిరిన్
* యల్లాప్రగడ సుబ్బారావు